బోర్డు మీద ఆమె పేరుంది, పిల్లల చేతికి భూగోళం ఇవ్వండి

మాంటిస్సోరి పేరుతో బడులు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు,



మన ఊళ్లలో ఏ బజారు చివర చూసినా మాంటిస్సోరి అనే మాట ఉన్న బోర్డు ఒకటి కనిపిస్తుంది. వాటిలో ఆ పద్ధతిని నమ్మి, శిక్షణ పొందిన టీచర్లని పెట్టుకుని, ఖర్చుకి వెనకాడకుండా నడుపుతున్న బడులున్నాయి. వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బోర్డు మీద ఆమె పేరు ఉండి, గదిలో ఆమె చెప్పిన వస్తువు ఒక్కటీ లేని బడులకే ఈ ఉత్తరం. చిన్నపిల్లల తరగతుల్లో చాలాకాలం పనిచేసినదాన్ని. అన్ని సబ్జెక్టుల జోలికీ పోను. ఖండాల పాఠం ఒక్కటి తీసుకుంటాను. అది ఎలా చెబుతున్నారో చూస్తే మిగతావి ఎలా చెబుతున్నారో ఎవరికైనా అర్థమవుతుంది.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియనిది కాదు. సాయంత్రం యూకేజీ డైరీలో ఒక లైను రాసి పంపుతారు, ఏడు ఖండాల పేర్లు నేర్చుకుని రావాలని. రాత్రి అన్నం తినిపిస్తూ అమ్మ ఆ ఏడు పేర్లూ వల్లె వేయిస్తుంది. తెల్లారి పిల్ల వచ్చి గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. టీచరు వెరీగుడ్ అంటుంది, పుస్తకంలో స్టార్ పడుతుంది. అదే పిల్లని గోడమీది చార్టు దగ్గరికి తీసుకెళ్లి "ఏషియా ఏదమ్మా?" అని అడిగి చూడండి. వేలు తీసుకెళ్లి ఆ రంగు మీద అచ్చేసిన ఇంగ్లీషు అక్షరాల మీద పెడుతుంది. ఏషియా అంటే ఆ అక్షరాలే అనుకుంది మరి. "మనం ఎక్కడ ఉంటాం?" అంటే కాలనీ పేరు చెబుతుంది. అందులో తప్పేముంది? ఐదేళ్ల పిల్లకి లోకమంటే కాలనీ, బడి, అమ్మమ్మగారి ఊరు. అక్కణ్నుంచి భూగోళం దాకా ఆ పిల్లని నడిపించుకుపోయే దారి ఒకటుంది. ఆ దారి వేసిన మనిషి పేరే మీ బోర్డు మీద ఉంది.

మరియా మాంటిస్సోరి వృత్తిరీత్యా డాక్టరు. 1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో, పొద్దున్నే పనికి పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం మొదటి బడి తెరిచారు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు దేన్నయినా ముందు చేత్తో తెలుసుకుంటారని అక్కడి పిల్లల్ని చూసి గ్రహించారు. ఆ తర్వాత ఆమె తయారుచేసిన ప్రతి వస్తువూ దాని మీదే నిలబడింది.

ఇదంతా పరాయిదేశపు పద్ధతి, మనకి పొసగదు అనే మాట కొన్ని స్టాఫ్ రూముల్లో విన్నాను. 1939లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్ పిలుపు మీద ఆమె మద్రాసు అడయారుకి వచ్చారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి బ్రిటిష్ ప్రభుత్వం ఆమెని శత్రుదేశపు పౌరురాలిగా లెక్కగట్టి, కొడుకు మారియోని నిర్బంధంలో పెట్టింది. 1940 ఆగస్టు 31న, ఆమె డెబ్భయ్యో పుట్టినరోజు నాడు, అతణ్ని వదిలారు. యుద్ధం ముగిసేదాకా ఆమె మన దేశంలోనే ఉండి వందలమంది టీచర్లని తయారుచేశారు. కొడైకెనాల్‌లో గడిపిన రోజుల్లోనే ఆకూ, పురుగూ, రాయీ, నీరూ, మనిషీ అన్నీ ఒకే కథలో భాగాలని పిల్లలకి చెప్పే కాస్మిక్ ఎడ్యుకేషన్ ఆలోచన పెరిగి పెద్దదయింది. మన దగ్గరికొస్తే, 1955లో విజయవాడలో వి.కోటేశ్వరమ్మ గారు మాంటిస్సోరి పేరుతో బడి పెట్టి జీవితమంతా దానికే ఇచ్చారు. 2017లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నదాన్ని పరాయిది అనడం న్యాయం కాదు.

ఇక పాఠానికి వస్తాను.

ఖండాల పాఠం ఖండాల పేర్లతో మొదలవదు. ముందు మూడు గాజు సీసాలు కావాలి. ఒకదాంట్లో మట్టి, ఒకదాంట్లో నీళ్లు, మూడోది ఖాళీ. ఖాళీ సీసా చూపించి ఇందులో ఏముందని అడిగితే ఏమీ లేదంటారు. ముఖం మీద విసనకర్రతో రెండుసార్లు విసిరి మళ్లీ అడిగితే గాలి అంటారు. తర్వాత చిన్న చిన్న బొమ్మలు ఒక బుట్టలో పెట్టి ఇవ్వండి: ఎద్దుబండి, పడవ, గద్ద, చేప, కప్ప, బస్సు, విమానం. ఏది ఏ సీసా ముందు పెట్టాలో వాళ్లే తేలుస్తారు. కప్ప దగ్గరికి వచ్చేసరికి తగువు పడతారు. మీరు తీర్పు చెప్పకండి.

దాని తర్వాతది గరుకు గ్లోబు. ఈ పాఠానికంతటికీ ప్రాణం అదే. పిల్లవాడి రెండు చేతుల్లో ఇమిడేంత చిన్నది. నేల ఉన్నచోటల్లా వడ్రంగులు చెక్క నునుపు చేయడానికి వాడే ఉప్పుకాగితంలాంటి గరుకు ఉంటుంది. సముద్రమంతా నున్నటి నీలం. గీత లేదు, పేరు లేదు, దేశం లేదు. టీచరు రెండు వేళ్లు కలిపి గరుకు మీద మెల్లగా రాసి "నేల" అంటుంది. నునుపు మీద రాసి "నీళ్లు" అంటుంది. పాఠం అంతే, రెండు మాటలు. ఆ తర్వాత గ్లోబు పిల్లవాడిది. వాడు కళ్లు మూసుకుని తిప్పుతాడు. ఒకవైపు తిప్పితే గరుకు వెంట గరుకు తగులుతుంది. ఇంకోవైపు, పసిఫిక్ మీదికి వేలు పోయినప్పుడు, ఎంతసేపటికీ నునుపే. భూమి ఉపరితలంలో 71 శాతం సముద్రమే అన్న లెక్క వాడు హైస్కూల్లో చదువుతాడు. దానికి కావాల్సిన అనుభవం మూడున్నరేళ్లకే వేలికి అంటుకుని ఉంటుంది.

రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి కువైట్‌కి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్‌కి, కోనసీమ నుంచి గల్ఫ్ అంతటికీ పోయి బతుకుతున్న మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. పిన్ని డాలస్‌లో, మేనమామ మెల్‌బోర్న్‌లో ఉన్న ఇళ్లు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ ఉన్నాయి. అంటే మన పిల్లలు బడికి రాకముందే భూగోళం వాళ్ల ఇంట్లో ఫోను దాకా వచ్చి ఉంది. నాన్న కువైట్‌లో ఉన్న పిల్లవాడు ఒకడు మా క్లాసులో ఉండేవాడు. కువైట్ అంటే వాడికి ఎయిర్‌పోర్టు గేటు అవతలి చోటు. ఒకరోజు గరుకు గ్లోబు ముందు కూచోబెట్టి, వాడి వేలు తీసి మన చోటు మీద పెట్టి "నీళ్లు తగలకుండా పోదాం పద నాన్నా" అన్నాను. గరుకు మీదే వేలు పడమటి దిక్కుకి జరుపుకుంటూ పోయాడు. కింద అరేబియా సముద్రం నునుపు వేలికి తగలబోతే పైకి జరిపాను. ఆగిన చోట "ఇక్కడ ఉన్నాడు మీ నాన్న" అన్నాను. వాడు వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయాడు. మళ్లీ వచ్చాడు. "అయితే నడిచి రావచ్చు కదా టీచర్?" అన్నాడు. రావచ్చు, చాలా చాలా రోజులు పడుతుందని చెప్పాను. కొన్నాళ్లకి రంగుల గ్లోబు బయటికి తీసినప్పుడు కువైట్ ఉన్న చోటూ మన చోటూ రెండూ పసుపే అని చూసి, మా నాన్న కూడా ఏషియాలోనే ఉన్నాడని తరగతంతా తిరిగి చెప్పాడు. ఖండమంటే ఏమిటో ఆ పిల్లవాడికి నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

రంగుల గ్లోబు గురించి ఎక్కువ చెప్పను. ఉత్తర అమెరికా నారింజ, దక్షిణ అమెరికా గులాబి, యూరప్ ఎరుపు, ఆఫ్రికా ఆకుపచ్చ, ఆసియా పసుపు, ఆస్ట్రేలియా గోధుమ, అంటార్కిటికా తెలుపు. ఈ రంగులు మీ ఇష్టం వచ్చినట్టు మార్చకండి. తర్వాత వచ్చే పటాలు, జంతువుల కార్డులు, ఫొటోల అట్టపెట్టెలు అన్నీ ఇవే రంగుల్లో నడుస్తాయి. ఆకుపచ్చ పెట్టె చూడగానే ఆఫ్రికా అని పిల్లలకి తెలిసిపోవాలి. బజార్లో దొరికే గ్లోబులో దేశానికో రంగు ఉంటుంది. పెద్దవాళ్లకి అది బాగానే ఉంటుంది, నాలుగేళ్ల పిల్లకి అందులో ఖండం కనిపించదు.

పేర్లు చెప్పాల్సింది ఇక్కడ. ఫ్రెంచి వైద్యుడు ఎడ్వార్ సెగాన్ నుంచి మాంటిస్సోరి తీసుకున్న పద్ధతి ఒకటుంది, మూడు మెట్లది. మొదట టీచరు చెబుతుంది: "ఇది ఆఫ్రికా. ఇది ఆసియా." రెండో మెట్టులో అడుగుతుంది: "ఆఫ్రికా ఏదీ? ఆసియా మీద చెయ్యి పెట్టు." పిల్ల నోరు తెరవక్కర్లేదు, వేలు చాలు. బాగా అలవాటయ్యాకనే మూడో మెట్టు: "ఇదేమిటి?" మన తరగతుల్లో రెండో మెట్టు ఎగిరిపోయింది. టీచరు చెప్పిన మరుక్షణం పిల్ల అప్పజెప్పాలి. పిల్లలు ఎక్కువకాలం గడపాల్సింది ఆ రెండో మెట్టు మీదే. రెండు మూడు ఖండాలతోనే రోజులు గడవనివ్వండి. మొత్తం ఏడూ ఒక్క రోజులో చెప్పాలనే తొందర ఎందుకు?

ఇప్పుడు చెప్పబోయేది దాదాపు అన్ని బడులూ వదిలేసే మెట్టు. గుండ్రంగా ఉన్న భూమి బల్లపరుపు కాగితం మీదకి ఎలా వచ్చింది? గ్లోబు బల్ల మీద, పటం గోడ మీద. ఈ రెండూ ఒకటేనని పిల్లకి ఎవరు చెప్పాలి? నీలంరంగు క్లే ముద్దని బంతిగా చేయండి. చుట్టూ రంగు రంగుల క్లే పలకలు ఖండాలుగా అంటించండి. ఉడికించిన గుడ్డుని కోసినట్టు దారంతో నిలువునా రెండుగా కోయండి. రెండు సగాలనీ కోసిన వైపు బల్లకి ఆనేట్టు పక్కపక్కన పెట్టి, పిల్లల చేతే అరచేత్తో నొక్కించండి. రెండు వలయాలు తయారవుతాయి. అంచుల దగ్గర క్లే సాగుతుంది, పగులుతుంది, దక్షిణ అమెరికా కొంచెం లావవుతుంది. "సాగిపోయింది టీచర్!" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అన్న పిల్ల పటాల శాస్త్రంలో అన్నిటికన్నా కష్టమైన సంగతిని కళ్లారా చూసింది.

ఆ సంగతి మనలో చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. గోడలకి వేలాడే ప్రపంచ పటాల్లో తరచు కనిపించే పద్ధతి 1569లో గెరార్డస్ మెర్కేటర్ గీసినది. ఓడల వాళ్లకి దిక్కు తప్పకుండా ఉండటానికి గీశాడు. ఆ పనికి అది గొప్పది. దిక్కులు నిలబెట్టడం కోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ విస్తీర్ణాలు పెంచేస్తుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో పోటీపడుతూ కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దాదాపు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ సుమారు 21.66 లక్షలు. ఆఫ్రికాలో గ్రీన్‌లాండ్‌లు పద్నాలుగు పడతాయి. మన దేశం సుమారు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే గ్రీన్‌లాండ్ కన్నా ఒకటిన్నర రెట్లు పెద్దది. ఆ పటంలో చూస్తే మనమే దాని ముందు చిన్నబోయి ఉంటాం. చిన్నప్పుడు కంటికి అలవాటైన కొలత పెద్దయ్యాక లెక్కలు చదివినా అంత సులువుగా పోదు. అందుకే చార్టు కన్నా ముందు గ్లోబు ఉండాలంటున్నాను.

క్లే పాఠం అయ్యాక చెక్క పటం తీయండి. పెద్ద చెక్క పలక, అందులో రెండు నీలి వలయాలు, ఒక్కో ఖండం ఒక్కో ముక్క, ముక్కకి పట్టుకోవడానికి చిన్న బొడిపె. పడమటి వలయంలో రెండు అమెరికాలు, తూర్పు వలయంలో యూరప్, ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అడుగున రెండింటిలోనూ అంటార్కిటికా. పిల్ల ఆ బొడిపెని మూడు వేళ్లతో పట్టుకుంటుంది. రేపు పెన్సిలు పట్టుకునేదీ ఆ మూడు వేళ్లతోనే. ఎల్‌కేజీలో పెన్సిలు పట్టడం రాలేదని కంగారుపడే తల్లిదండ్రులకి ఈ సంగతి చూపించి చెప్పండి.

ముక్క బయటికి తీసి దాని చోట్లో మళ్లీ పెట్టాలి. ఆఫ్రికా ముక్క దక్షిణ అమెరికా గుంటలో పట్టదు. రెండూ కింద సన్నబడతాయి కాబట్టి పిల్లలు అదే ప్రయత్నం చేస్తారు. ముక్కని తిప్పుతారు, నొక్కుతారు, వెనక్కి తీసి చూస్తారు, వేలితో అంచు తడుముతారు. ఈ సమయంలో టీచరు చేతులు కట్టుకుని కూచోవాలి. నేను చూసిన తరగతుల్లో అన్నిటికన్నా కరువైంది అదే. పిల్ల ఒక్క క్షణం తటపటాయించగానే పెద్దచెయ్యి వచ్చి ముక్క లాక్కుని సరైన చోట పెట్టేస్తుంది. తప్పు ఎక్కడుందో చెప్పే పని ఆ వస్తువుదే, టీచరుది కాదు. పిల్ల తనంతట తాను ఆఫ్రికాని దాని చోట దింపినప్పుడు ఆ ముఖం చూడండి. మీరిచ్చే స్టార్ కోసం అది ఎదురుచూడదు.

ముక్కలు చేతికి అలవాటయ్యాక సొంత పటం. ముక్కని రంగు కాగితం మీద పెట్టి చుట్టూ గీయడం, కింద మెత్తటి గుడ్డ వేసి గీత వెంట గుండుసూదితో దగ్గర దగ్గరగా పొడవడం, ఆ చిల్లుల వెంట కాగితం చింపి తీసి నీలి వలయం మీద అంటించడం. నార్వే తీరం దగ్గర పొడిచి పొడిచి విసుగొస్తుంది. ఆఫ్రికా పడమటి భుజం తేలిగ్గా వస్తుంది. ఒక్క పటం ముగించడానికి వారాలు పడుతుంది. ఎగ్జిబిషన్ రోజున తల్లులు రాత్రంతా మేలుకుని థర్మోకోల్‌తో చేసిచ్చే ప్రాజెక్టు పక్కన ఇది వంకరటింకరగానే ఉంటుంది. గోడకి పెట్టాల్సింది ఇదే. థర్మోకోల్ మోడల్ తీసుకురావద్దని ఇళ్లకి రాసి పంపండి. తల్లులకి ఎంత నిద్ర మిగులుతుందో మీకు తెలియదు.

నేలా నీరూ ఎలా కలుస్తాయో చూపించే ట్రేలు ఇంకో పాఠం. నాకు ఇష్టమైనది. చిన్న ట్రేలు జతలు జతలుగా ఉంటాయి. ఒకదాంట్లో మధ్యన మట్టిదిబ్బ, చుట్టూ ఖాళీ. రెండోదాంట్లో చుట్టూ మట్టి, మధ్యన గుంట. చిన్న కూజాతో నీళ్లు పోస్తే మొదటిది ద్వీపం, రెండోది సరస్సు. ఇలాగే అగ్రం, అఖాతం. ద్వీపకల్పం, సింధుశాఖ. భూసంధి, జలసంధి. విదేశీ సెట్టు కొన్నా, మట్టితో మీరే చేసుకున్నా, ఉదాహరణలు మాత్రం మన చుట్టూ ఉన్నవి చెప్పండి. గోదావరి లంకల పిల్లలకి ద్వీపం పాఠంలో కొత్త ఏమీ లేదు, వాళ్లే మీకు చెబుతారు. విశాఖ పిల్లలకి సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ అగ్రానికి సరిపోతుంది. కొల్లేరు దగ్గరి పిల్లలకి సరస్సు ఇంటి పక్కనే.

నల్గొండ, పల్నాడు వైపు బడులకి నాగార్జునకొండ ఉంది. ట్రేలో ముందు లోయ చేయండి, అందులో ఒక కొండ నిలబెట్టండి. నీళ్లు పోయకండి. ఇక్కడ ఊళ్లు ఉండేవి, పొలాలుండేవి, శతాబ్దాల కిందటి బౌద్ధ విహారాల శిథిలాలుండేవి అని చెప్పండి. ఇప్పుడు కృష్ణ మీద ఆనకట్ట కట్టారని ఒక చెక్కముక్క అడ్డం పెట్టండి. పిల్లల చేతికి కూజా ఇచ్చి మెల్లగా పోయమనండి. లోయ నిండుతుంది, ఊళ్లు మునుగుతాయి, చివరికి కొండ నెత్తి ఒక్కటే పైన మిగులుతుంది. అది ద్వీపం. తవ్వకాల్లో బయటపడినవాటిని ఆ కొండమీదికి చేర్చి మ్యూజియం పెట్టారని, ఇవాళ అక్కడికి లాంచీలో పోవాలని చెప్పండి. ద్వీపం ఎప్పుడూ సముద్రంలోనే పుట్టదని, మనుషుల చేతుల మీదుగా కూడా పుడుతుందని అర్థమవుతుంది. ఊళ్లు ఏమయ్యాయి, వాళ్లు ఎక్కడికి పోయారు అని తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి. భూగోళం పాఠం మనుషుల దాకా రావడం మంచిదే.

ఖండాల పెట్టెల్లో పెట్టే ఫొటోల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆఫ్రికా అనగానే సింహం, జిరాఫీ, పూరిగుడిసె. ఇవి మాత్రమే పెడితే పిల్లల మనసులో యాభైకి పైగా దేశాలున్న ఖండం ఒక జూపార్కుగా మిగిలిపోతుంది. కైరో వీధి, లాగోస్ ట్రాఫిక్, నైరోబీ మేడలు, బడికి పోతున్న పిల్లలు, వంట చేస్తున్న అమ్మమ్మ, ఇవి కూడా ఉండాలి. మన దేశం పెట్టెలో పాములవాడి ఫొటో ఒక్కటే పెట్టి వేరే దేశపు పిల్లలకి చూపిస్తే మనకెలా ఉంటుంది? అంటార్కిటికా పెట్టెలో పెంగ్విన్ పక్కన ధ్రువపు ఎలుగుబంటిని పెట్టిన చార్టులు దుకాణాల్లో ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ ఎలుగుబంటి ఉత్తర ధ్రువం వైపుది, పెంగ్విన్ దక్షిణార్ధగోళానిది, సహజంగా అవి ఎక్కడా ఎదురుపడవు. దాని బదులు మైత్రి, భారతి పరిశోధన కేంద్రాల ఫొటోలు పెట్టండి. మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి పనిచేస్తున్నాయి. ఎవరి ఊరూ కాని ఆ తెల్ల ఖండంలో మన దేశపు శాస్త్రవేత్తలు చలికి ఏం తొడుక్కుంటారో, ఏం తింటారో చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు.

డబ్బు. చెక్క పటాలు, గ్లోబులు ఖరీదైనవే, కాదనను. ఐతే స్కూలు గేటు ఆర్చికి, బస్సుల మీద బొమ్మలకి, యాన్యువల్ డే స్టేజీకి పెట్టే డబ్బు ముందు ఇది ఎంత? అది కూడా వద్దనుకుంటే చేత్తో చేసుకోవచ్చు. మామూలు గ్లోబుకి నీలంరంగు వేసి, నేల ఉన్నచోట జిగురు రాసి జల్లించిన ఇసుక చల్లితే గరుకు గ్లోబు. ఊరి వడ్రంగి ప్లైవుడ్ మీద ఖండాలు కోసిస్తాడు. తారాబాయి మోదక్ 1945లో బొంబాయికి ఉత్తరాన బోర్డీ అనే ఊళ్లో పేదపిల్లల బడి మొదలుపెట్టినప్పుడు, ఖరీదైన సామాను ఆ పిల్లలకి అందదని గింజలు, గవ్వలు, గులకరాళ్లు, ఆకులతోనే పాఠాలు నడిపారు. మన దగ్గర ఏటికొప్పాకలో తరిమెన పట్టి కర్రని గుండ్రంగా తిప్పి లక్కరంగులు ఎక్కించే కళాకారులున్నారు. కొండపల్లి, నిర్మల్‌లో చెక్కతో ప్రాణమున్నట్టు బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. పది బడులు కలిసి ఆర్డరు ఇస్తే గ్లోబులు, బొడిపెల పటాలు వాళ్ల చేతుల్లోంచి రావా? చైనా ప్లాస్టిక్ పజిల్ కొనే ముందు ఒకసారి వాళ్లని అడగండి.

తరగతికి నలభైమంది, ఒక్క గ్లోబు ఎలా సరిపోతుంది అంటారు. మాంటిస్సోరి తరగతిలో అందరూ ఒకేసారి ఒకే పని చేయరు. ఇద్దరు గ్లోబు దగ్గర, ఒకరు ట్రే దగ్గర, ముగ్గురు సూదితో పొడుస్తూ, మిగతావాళ్లు వేరే పనుల్లో ఉంటారు. వస్తువు ఒక్కటే ఉండటం వల్ల తన వంతు కోసం ఆగడం కూడా నేర్చుకుంటారు. కానీ ఇలా నడపాలంటే టీచరుకి శిక్షణ కావాలి, పక్కన ఆయా కావాలి. శిక్షణ ఉన్న టీచరుకి తగిన జీతం ఇవ్వాలి. అసలు కష్టం ఇక్కడుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నెలకి ఒక కూలీకి వచ్చే డబ్బు కూడా రాని జీతానికి ఒక అమ్మాయిని పెట్టి, నలభైమంది పిల్లల్ని అప్పజెప్పి, ఆమెని మాంటిస్సోరి టీచర్ అని పిలవడం అన్యాయం.

తల్లిదండ్రులు నోటుబుక్కులో రాత చూపించమంటారు అంటారు. వాళ్లని నెలకోసారి తరగతిలోకి పిలవండి, వెనకాల కుర్చీల్లో కూచోబెట్టండి, ఒక గంట మాట్లాడకుండా చూడమనండి. తమ పిల్ల ఖండాల ముక్కలు తీసి పెట్టడం చూసిన తండ్రి రాత గురించి అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పటికైనా అడిగేది ఒక్కటే, ఈ పటం ఎక్కడ దొరుకుతుంది అని.

సిలబస్ పూర్తి కాదు అంటారు. ఐదేళ్లకి పూర్తిచేయాల్సిన సిలబస్ అనేది ఎవరు పెట్టారు? 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న దశని పునాది దశ అంది. ఆటలతో, చేసి చూడటంతో చదువు సాగాలంది. ప్రభుత్వ విధానం మీవైపే ఉంది, పద్ధతి మీ పేరులోనే ఉంది. ఇంకేం కావాలి?

ఇప్పుడు నేను అడిగేవి. జూన్‌లో బడులు తెరిచేలోపు ప్రతి ఎల్‌కేజీ గదిలో పిల్లల ఎత్తుకి అందే అరలో ఒక గరుకు గ్లోబు, ఒక రంగుల గ్లోబు పెట్టండి, అద్దాల బీరువాలో తాళం వేసి కాదు. చెక్క ప్రపంచ పటం ఒకటి చేయించండి. నీళ్ల ట్రేలకి గదిలో ఒక మూల, తుడుచుకోవడానికి ఒక గుడ్డ ఇవ్వండి, నేల తడిసిందని ఎవర్నీ కోప్పడకండి. టీచర్లని వేసవిలో శిక్షణకి మీ ఖర్చుతో పంపండి. డైరీలో ఏడు పేర్లు నేర్చుకుని రమ్మని రాయడం ఈ ఏటితో ఆపండి. ఇవి చేయలేమనుకుంటే బోర్డు మీద నుంచి ఆ పేరు తీసేయండి. ఏ పేరుతోనైనా మంచి బడి నడపొచ్చు.

తల్లిదండ్రులకీ ఒక మాట. అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు ఫీజు అడిగే ముందు "మీ గరుకు గ్లోబు ఒకసారి చూపించండి" అని అడగండి. తెచ్చి చూపిస్తే దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. ఉప్పుకాగితం అరిగిపోయి ఉంటే ఆ బళ్లో పిల్లల్ని చేర్పించవచ్చు.

ఇట్లు,
చిన్నపిల్లల తరగతుల్లో పనిచేసిన ఒక ఉపాధ్యాయురాలు